చివరి ప్రయాణం చూడాలనుందా? ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి

విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లినవాళ్లలో టీయూ-142 విమానం ముందు ఫొటో దిగనివాళ్లు తక్కువ. మీ ఫోన్‌లోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఇంటర్వ్యూ బోర్డులో ఒకాయన ఆ ఫొటో చూసి, 'రన్‌వే లేని ఈ బీచ్ రోడ్డుకి ఇంత పెద్ద విమానం ఎలా వచ్చింది?' అని అడిగారనుకోండి. ఏం చెబుతారు?

'ఎగిరొచ్చింది సార్' అంటే సగం జవాబే. మిగతా సగంలో ఇంజినీరింగ్ ఉంది, డబ్బు లెక్క ఉంది, మనం పెద్దగా పట్టించుకోని కొన్ని ఉద్యోగాల సంగతీ ఉంది. అమెరికాలో డిస్కవరీ అనే స్పేస్ షటిల్ చుట్టూ 2025లో మొదలైన రగడ కూడా ఈ మిగతా సగం గురించే. గ్రూప్ డిస్కషన్‌కి ఇంతకంటే మంచి టాపిక్ ఈమధ్య నాకు కనిపించలేదు. అందుకే అమెరికా వార్తనీ, మన విశాఖ కథనీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

డిస్కవరీ గొడవేంటి?

స్పేస్ షటిల్ అంటే రాకెట్‌లా పైకి వెళ్లి, విమానంలా రన్‌వే మీద దిగే అంతరిక్ష నౌక. 1981 నుంచి 2011 దాకా నాసా 135 సార్లు వీటిని ప్రయోగించింది. వాటిలో డిస్కవరీ ఒక్కటే 39 సార్లు వెళ్లొచ్చింది. అన్నీ కలిపితే 365 రోజులు, అంటే సరిగ్గా ఏడాది కాలం అంతరిక్షంలో గడిపింది. 2012 ఏప్రిల్ నుంచి వాషింగ్టన్ దగ్గర, వర్జీనియాలో ఉన్న స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియంలో ఉంటోంది.

2025 జులై 4న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన భారీ బడ్జెట్ చట్టంలో ఒక చిన్న అంశం దూరింది. వ్యోమగాములను మోసిన ఒక అంతరిక్ష వాహనాన్ని హ్యూస్టన్ ప్రాంతానికి తరలించడానికి, అక్కడ దానికి భవనం కట్టడానికి కలిపి 8.5 కోట్ల డాలర్లు కేటాయించారు. మన లెక్కలో 700 కోట్ల రూపాయల పైమాటే. చట్టంలో డిస్కవరీ పేరు లేదు. కానీ ఈ అంశాన్ని ముందుకు తెచ్చిన టెక్సాస్ సెనేటర్లు జాన్ కార్నిన్, టెడ్ క్రూజ్ కోరుకుంటున్నది దాన్నేనన్నది బహిరంగమే. షటిల్ ప్రయాణాలన్నిటినీ నడిపిన మిషన్ కంట్రోల్ హ్యూస్టన్‌లోనే ఉంది కాబట్టి ఒక షటిల్ మాకు దక్కాలన్నది వాళ్ల వాదన. అందులో న్యాయం లేదని చెప్పలేం.

స్మిత్సోనియన్ మాట వేరు. 2012లో నాసా సర్వహక్కులతో మాకు అప్పగించింది, ఇది మా సొత్తు అంటోంది. తరలింపు ఖర్చు 12 నుంచి 15 కోట్ల డాలర్ల దాకా అవుతుందని, కొత్త భవనం ఖర్చు అందులో కలవలేదని, నౌకను కొంత విడదీయాల్సి రావచ్చని కూడా అమెరికా కాంగ్రెస్‌కు తెలిపింది. ఒకచోట మొత్తం పనికి 8.5 కోట్లు. ఇంకోచోట ఒక్క తరలింపుకే 12 కోట్లు. అంచనాల్లో ఇంత తేడా ఎందుకొచ్చింది?

2012లో అయిన పని ఇప్పుడెందుకు కాదు?

ఇక్కడే అసలు పాఠం ఉంది. 2012లో మూడు షటిళ్లు గాల్లో ప్రయాణించి మ్యూజియాలకు చేరాయి. ఏప్రిల్ 17న డిస్కవరీ వాషింగ్టన్‌కు, ఏప్రిల్ 27న ఎంటర్‌ప్రైజ్ న్యూయార్క్‌కు, సెప్టెంబరు 19 నుంచి 21 వరకు మజిలీలు చేసుకుంటూ ఎండీవర్ లాస్ ఏంజెలెస్‌కు వెళ్లాయి. అట్లాంటిస్ ఒక్కటే ఫ్లోరిడాలో ఉండిపోయింది.

షటిల్‌కు విమానంలా సొంతంగా దూరాలు ఎగిరే శక్తి లేదు. దిగేటప్పుడు అది ఇంజిన్ లేని గ్లైడర్ మాత్రమే. అందుకని నాసా రెండు బోయింగ్ 747 విమానాలను మార్చుకుని, వాటి వీపు మీద షటిల్‌ను బిగించి తీసుకెళ్లేది. వానలోంచి వెళ్లడానికి లేదు, ఒంటిమీది వేడిరక్షణ పలకలు దెబ్బతింటాయి. అందుకే ముందు ఇంకో విమానం వెళ్లి దారిలో వాతావరణం చూసి కబురు పంపేది. ఎక్కించడానికి, దించడానికి ప్రత్యేక ఏర్పాట్లు, క్రేన్లు, ఆ పని చేతులతో చేసిన అనుభవం ఉన్న సిబ్బంది కావాలి.

ఇప్పుడు ఆ రెండు 747లూ ఎగరవు. ఒకటి కాలిఫోర్నియాలోని పామ్‌డేల్‌లో ప్రదర్శనలో ఉంది. రెండోది ఎక్కడుందో తెలుసా? హ్యూస్టన్‌లోనే, నమూనా షటిల్ ఒకదాన్ని వీపున మోస్తూ ప్రదర్శనలో నిలబడింది. 2014లో దాన్ని ముక్కలుగా విడదీసి, రోడ్డు మీద తెచ్చి, మళ్లీ బిగించారు. అంటే డిస్కవరీని కోరుకుంటున్న ఊళ్లోనే దాన్ని మోయగల విమానం ఉంది, కానీ అది ఇక లేవదు.

మిత్రులారా, ఇది ఒక్క నాసా సంగతి కాదు. ఒక మెషీన్‌ను రిటైర్ చేశామంటే దాని చుట్టూ ఉన్న పరికరాలు, డ్రాయింగులు, పని తెలిసిన మనుషులు కూడా మెల్లగా కనుమరుగవుతారు. 2012లో ఒకే ఏడాది మూడుసార్లు చేసిన పనిని ఇప్పుడు చేయాలంటే మళ్లీ కొత్త ప్రాజెక్టుగా మొదలుపెట్టాల్సిందే. 'అప్పుడు చేశారుగా, ఇప్పుడెందుకు చేయలేరు' అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఈ వ్యాసం రాసేనాటికి డిస్కవరీ వర్జీనియాలోనే ఉంది.

మన విశాఖలో ఏం జరిగింది?

ఇక మన సంగతికి వద్దాం. టీయూ-142 సముద్రం మీద తిరుగుతూ జలాంతర్గాములను వేటాడే విమానం. సోవియట్ యూనియన్ నుంచి 1988లో మన నేవీకి వచ్చింది. నాలుగు టర్బోప్రాప్ ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు ఒకదాని వెనుక ఒకటిగా ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. రెక్కల వెడల్పు సుమారు 50 మీటర్లు. 29 ఏళ్లపాటు, దాదాపు 30 వేల గంటలు, ఒక్క ప్రమాదం లేకుండా ఈ దళం ఎగిరింది. 2017 మార్చి 29న తమిళనాడులోని అరక్కోణంలో, ఐఎన్‌ఎస్ రాజాలి స్థావరంలో వీడ్కోలు పలికారు. వాటి స్థానంలో బోయింగ్ పీ-8ఐ విమానాలు వచ్చాయి.

వీడ్కోలైన పది రోజులకు, 2017 ఏప్రిల్ 8న, ఒక టీయూ-142 అరక్కోణం నుంచి విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాకు ఎగిరొచ్చింది. అదే దాని చివరి ప్రయాణం. ఆ తర్వాత డేగాలో దాన్ని విడదీశారు. భాగాలను రోడ్డు మీదుగా బీచ్‌కు తరలించి, అక్కడ మళ్లీ బిగించారు. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. గాల్లో ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరం ఒక పూట పని. డేగా నుంచి బీచ్ మీద మ్యూజియంగా మారడానికి ఎనిమిది నెలలు.

ఎదురుగా ఉన్న కురుసుర జలాంతర్గామిది ఇంకా గట్టి ఉదాహరణ. 1969 డిసెంబరులో నేవీలో చేరి, 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. సముద్రంలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగిన ఈ జలాంతర్గామిని నీళ్లలోంచి ఒడ్డు మీదున్న చోటుకు చేర్చిన చివరి దూరం 600 మీటర్లే. ఆ 600 మీటర్లకు 18 నెలలు, అయిదున్నర కోట్ల రూపాయలు పట్టాయి. 2002 ఆగస్టులో మ్యూజియంగా తలుపులు తెరిచింది.

లాస్ ఏంజెలెస్‌లోనూ ఇదే జరిగింది. ఎండీవర్ ఖండం దాటి ఎగిరొచ్చింది. విమానాశ్రయం నుంచి మ్యూజియం దాకా 19 కిలోమీటర్ల నగర వీధుల్లో నడిపించడానికి మాత్రం 2012 అక్టోబరు 12 నుంచి 14 దాకా పట్టింది. 24 మీటర్ల రెక్కలు తగలకుండా ఉండటానికి దాదాపు 400 చెట్లు కొట్టేశారు. వాటికి బదులు అంతకు రెట్టింపుకు పైగా నాటతామని మ్యూజియం మాటిచ్చాకే జనం ఒప్పుకున్నారు. కరెంటు తీగలు పక్కకు తప్పించారు. ఒక వంతెన మీద బరువు పరిమితి ఉండటంతో అక్కడ వాహనాన్ని మార్చాల్సి వచ్చింది.

చూశారా? విశాఖైనా లాస్ ఏంజెలెసైనా తంటా అంతా చివరి కిలోమీటర్లలోనే.

అందరికీ మ్యూజియం దక్కదు

చివరి ప్రయాణం ఎప్పుడూ మ్యూజియానికే అని లేదు. 1971 యుద్ధంలో పాల్గొన్న తొలి విమానవాహక నౌక విక్రాంత్ 1997లో రిటైరైంది. ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా నిలిచింది. నిర్వహణ భారమై 2014లో తుక్కుకు వెళ్లింది. 2017 మార్చి 6న రిటైరైన విరాట్‌ను తీసుకుని మ్యూజియం చేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆసక్తి చూపింది. పని ముందుకు సాగలేదు. 2020 సెప్టెంబరులో అది ముంబై నుంచి గుజరాత్‌లోని అలంగ్ నౌకా విచ్ఛేదన కేంద్రానికి బయలుదేరింది. ఆ రోజు దాన్ని చూడ్డానికి వెళ్లినవాళ్లు చూసింది కూడా ఒక చివరి ప్రయాణమే.

ఒకే ఏడాది, ఒకే నెలలో రిటైరైన విమానానికి బీచ్‌లో చోటు దొరికింది, నౌకకు దొరకలేదు. గొప్పతనంలో తేడా కాదు. విమానాన్ని విడదీసి రోడ్డు మీద తేవచ్చు, నేల మీద నిలబెట్టవచ్చు. విమానవాహక నౌకకు లోతైన నీళ్లు కావాలి, ఏటేటా తుప్పుతో పోరాడే డబ్బు కావాలి. కొనే ఖర్చు ఒక్కసారిదే. పోషించే ఖర్చు ప్రతి ఏడాదీ ఉంటుంది. ఇంట్లో పాత బండి ఉంచుకున్న ఎవరికైనా ఈ లెక్క తెలిసిందే.

నాలుగు ప్రశ్నలు

ఇలాంటి వార్త ఏది వచ్చినా, డిస్కవరీ అయినా, రేపు ఇంకేదైనా, ఈ నాలుగు ప్రశ్నలతో చదవండి.

ఒకటి, ఇది ఎవరి సొత్తు? కాగితం మీద హక్కు ఎవరిదో తేలకుండా క్రేన్ కదలదు. డిస్కవరీ విషయంలో మొదటి పేచీ ఇదే.

రెండు, ఎవరు, దేనితో మోస్తారు? మోసే వాహనం ఇప్పుడు ఉందా, మళ్లీ తయారు చేయాలా?

మూడు, చివరి కిలోమీటరు ఎలా ఉంది? రోడ్డు వెడల్పు, వంతెన బలం, తీగలు, చెట్లు.

నాలుగు, పదేళ్ల తర్వాత కరెంటు బిల్లు, రంగు ఖర్చు ఎవరు కడతారు?

గ్రూప్ డిస్కషన్‌లో అందరూ 'చరిత్రను కాపాడాలి', 'డబ్బు వృథా' అని రెండు పక్షాలుగా విడిపోయినప్పుడు, ఈ నాలుగింటిలో ఒక్కటి తీసుకుని అంకెలతో మాట్లాడండి. మీ మాట నిలబడుతుంది. నన్నడిగితే డిస్కవరీ ఉన్నచోటే ఉండటం మేలు. హ్యూస్టన్ కోరిక న్యాయమైనదే అయినా, విడదీస్తే అది 39 సార్లు ఎగిరొచ్చిన నౌకగా మిగలదు. టీయూ-142ను విడదీశారు కదా అంటారేమో. విమానాలను విడిభాగాలుగా తీసి బిగించడం మెయింటెనెన్స్‌లో ఉన్న పద్ధతే. షటిల్‌ను మాత్రం ముక్కలుగా తరలించడానికి ఎవరూ డిజైన్ చేయలేదు. మీరు దీనికి ఒప్పుకోనక్కర్లేదు, మీ కారణం మీరు చెప్పండి.

చూడాలంటే ప్లాన్ ఎలా?

డిస్కవరీ కదిలితే హ్యూస్టన్, డాలస్, వర్జీనియాల్లో ఎంఎస్ చేస్తున్న మన సీనియర్లు కెమెరాలు పట్టుకుని బయలుదేరడం ఖాయం. మన దగ్గరా ఏదో ఒక విమానం, ఓడ, రాకెట్ భాగం ఇలా కదులుతుంది. అప్పటికి 2012 అనుభవం పనికొస్తుంది.

చేతిలో అదనంగా రోజులు ఉంచుకోండి. ఎంటర్‌ప్రైజ్ నాలుగు రోజులు, ఎండీవర్ రెండు రోజులు వాతావరణం వల్లే ఆలస్యమయ్యాయి. ఆఖరి రోజున కూడా శాన్‌ఫ్రాన్సిస్కో మీది పొగమంచు కోసం ఎండీవర్ గంట ఆగి బయలుదేరింది. తిరుగు టికెట్ అదే రోజుకి బుక్ చేసుకున్నవాళ్లు ఆకాశం చూసి వెనక్కి రావాల్సిందే.

గాల్లో చూడాలా, నేల మీద చూడాలా తేల్చుకోండి. తల మీదుగా వెళ్లే విమానం కొన్ని సెకన్లే కనిపిస్తుంది. రోడ్డు మీద నడిచేదాన్ని గంటల తరబడి చూడొచ్చు, ఎలా మోస్తున్నారో అర్థం చేసుకోవచ్చు. ఇంజినీరింగ్ చదివేవాళ్లకు నేనైతే రెండోదే చెబుతాను.

నేవీ, వైమానిక స్థావరాల దగ్గర ఫొటోలకు, డ్రోన్లకు అనుమతి లేదని గుర్తుంచుకోండి. ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నవాళ్లు కేసుల్లో ఇరుక్కోవద్దు. హైవే మీద బండి ఆపి చూడటం ఇంకా ప్రమాదం.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. హనుమకొండ నుంచి విశాఖ ఒక రాత్రి ప్రయాణం. కాజీపేటలోనో వరంగల్‌లోనో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి అక్కడుంటారు. టీయూ-142, కురుసుర రెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. సెలవు రోజులు, వేళలు ముందే చూసుకోండి. లోపలికి వెళ్లినప్పుడు ఫొటోతో సరిపెట్టకుండా విమానం ఎక్కడెక్కడ విడదీసి బిగించి ఉంటారో ఊహించండి. బరువు నేల మీద ఎలా ఆనించారో చూడండి. ఉప్పుగాలికి లోహం ఎక్కడ రంగు మారిందో గమనించండి. ఒక పేజీ నోట్స్ రాసుకుంటే అది విహారయాత్ర కాదు, కేస్ స్టడీ అవుతుంది.

వెళ్లేవి కాక ఎగిరేవి చూడాలంటే శ్రీహరికోట ఉంది. అక్కడ ప్రజలు ప్రయోగాలు చూడటానికి 2019లో గ్యాలరీ తెరిచారు. ఇస్రో వెబ్‌సైట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. దగ్గరి రైల్వే స్టేషన్ సూళ్లూరుపేట.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

ప్లేస్‌మెంట్ సీజన్‌లో మన చెవిన పడేది డిజైన్, కోడింగ్, లాంచ్ అనే మాటలే. మెషీన్ జీవితంలో అవి మొదటి అధ్యాయం. డిస్కవరీ చివరిసారి దిగింది 2011 మార్చి 9న, మ్యూజియానికి ఎగిరింది 2012 ఏప్రిల్ 17న. మధ్యలో ఉన్న పదమూడు నెలలు విషపూరిత ఇంధనం ఆనవాళ్లు తీసేసి, భాగాలు విప్పి, జనం దగ్గరికి వచ్చినా ప్రమాదం లేకుండా చేసిన పని. దానికీ ఇంజినీర్లే కావాలి.

మన దగ్గర ఆ తరహా దారులు ఇవి.

విమానాల నిర్వహణ: హైదరాబాద్ శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ ఉంది. 2025 నవంబరులో సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం అక్కడే ప్రారంభమైంది. డీజీసీఏ లైసెన్సు ఉన్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీర్ల బాట ఇది. లైసెన్సుకు పట్టే సమయం, ఖర్చు కనుక్కున్నాకే అడుగేయండి.

భారీ సరుకు రవాణా: విద్యుత్ కేంద్రాలకు ట్రాన్స్‌ఫార్మర్లు మోసుకెళ్లే బహుచక్రాల ట్రెయిలర్లను మన హైవేల మీద చూసే ఉంటారు. దారి సర్వే చేసేవాళ్లు, వంతెన బలం లెక్కగట్టేవాళ్లు సివిల్, మెకానికల్ చదివినవాళ్లే. చివరి కిలోమీటరు వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

మ్యూజియాలు, సంరక్షణ: జాతీయ సైన్స్ మ్యూజియాల మండలి తరచూ నోటిఫికేషన్లు ఇస్తుంది. తుప్పు, పాలిమర్లు, రంగుల మీద ఆసక్తి ఉన్న మెటలర్జీ, కెమిస్ట్రీ విద్యార్థులు ఓ కన్నేసి ఉంచండి. పోస్టులు తక్కువే. 

అంతరిక్షంలో ముగింపు పనులు: 2023 మార్చి 7న ఇస్రో మేఘా-ట్రోపిక్స్-1 ఉపగ్రహాన్ని పనిగట్టుకుని కిందికి దించి పసిఫిక్ మీద కాలిపోయేలా చేసింది. 2011లో ప్రయోగించినప్పుడు ఇలా దించాలన్న ఏర్పాటు అందులో లేదు. అయినా మిగిలిన ఇంధనాన్ని లెక్కగట్టి సాధించారు. అంతరిక్ష చెత్త పెరిగేకొద్దీ ఈ లెక్కలు వచ్చినవాళ్ల అవసరం పెరుగుతుంది.

నౌకల విచ్ఛేదన: దీనికి 2019లో కేంద్రం ప్రత్యేక చట్టం తెచ్చింది. పర్యావరణం, భద్రత చదివినవాళ్లకు చోటుంది.

మన ఊరినే చూడండి. కాజీపేట లోకో షెడ్లలో రోజూ జరిగేది కొత్త ఇంజిన్ల తయారీ కాదు, ఉన్నవాటిని నడిచేలా ఉంచడం. ఎన్నో కుటుంబాలు ఆ పని మీద నిలబడ్డాయి. నిర్వహణ రెండో తరగతి ఉద్యోగం అన్న చిన్నచూపు మన క్యాంపస్‌లలో ఉంది గానీ ఈ ఊరికి తగదు.

ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న

2014 డిసెంబరు 18న ఇస్రో ఖాళీ మానవ మాడ్యూల్‌ను పైకి పంపి, బంగాళాఖాతంలో దించింది. తీర రక్షక దళం దాన్ని వెలికితీసి చెన్నై దగ్గరి ఎన్నూరు రేవుకు చేర్చింది. గగన్‌యాన్ కార్యక్రమంలో ఇంకా మాడ్యూళ్లు వెళ్లొస్తాయి. మనుషులను తొలిసారి మోసుకొచ్చే మాడ్యూల్ ఏ ఊరికి చేరాలి? ఎవరి పేరు మీద ఉండాలి? ఎవరు పోషించాలి? అమెరికా ఈ పని అయిపోయిన పదమూడేళ్లకు కొట్లాడుకుంటోంది. మనకింకా సమయం ఉంది. ఇది అధికారులు మాత్రమే అడగాల్సిన ప్రశ్న కాదు. దాని దగ్గర పని చేయబోయే వయసు మీదే కాబట్టి మీరూ అడగొచ్చు.

ఈ సెలవుల్లో విశాఖ వెళితే టీయూ-142 ముందు ఫొటో తప్పకుండా దిగండి. కానీ పక్కన నాలుగు ప్రశ్నలకు నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఆ ఫొటో గురించి ఎవరైనా అడిగితే, మీ దగ్గర రెండో సగం జవాబు కూడా ఉంటుంది.